సిరిమాను కోట దగ్గరికి మూడుసార్లు ఎందుకు వెళ్తుంది?

కూకట్‌పల్లి_అల్లుడు
మా అత్తగారిది విజయనగరం. పెళ్ళై పదకొండేళ్ళు. ఇన్నేళ్ళలో అక్కడి పైడితల్లి అమ్మవారి పండగకి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. దసరా అవగానే ఆఫీసు ఉందని తప్పించుకునేవాణ్ణి. ఈసారి మా ఆవిడ "వస్తే రా, లేకపోతే మేం వెళ్తాం" అనేసింది. టికెట్లు సంపాదించడం ఇంకో భారతం, దాని జోలికి పోను.

అసలు చిక్కు మా తొమ్మిదేళ్ళవాడితో. ఫోన్లో సిరిమాను (పూజారిని కొసన కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి చింత మాను) వీడియో చూసిన దగ్గర్నుంచీ ప్రశ్నలే ప్రశ్నలు. రాజుగారి చెల్లెలు అమ్మవారు ఎలా అయింది? అంత ఎత్తున కూర్చున్నాయన పడిపోడా? అరటిపళ్ళతో ఎందుకు కొడతారు? అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ మాను గుడి నుంచి కోటకి, కోట నుంచి గుడికి మూడుసార్లు ఎందుకు తిరుగుతుంది, ఒకసారి వెళ్తే చాలదా?

మా అత్తగారు నాలుగింటికీ కలిపి ఒకటే జవాబు చెప్పారు: "అమ్మవారి మహిమ నాయనా." వాడు ఆవిడ ముందు బుద్ధిగా తలూపి, నా గదిలోకి వచ్చి మళ్ళీ మొదలుపెట్టాడు. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి. పండగ మంగళవారం, నాకు పది రోజుల టైం ఉంది.

డల్లాస్_పైడిరాజు
పదకొండేళ్ళా? మా ఊళ్ళో అల్లుడికి ఇలాంటి మినహాయింపు ఎవరిచ్చారండీ.

మూడులాంతర్లు
పైడితల్లి చదురుగుడికి నాలుగు అడుగుల దూరంలో పుట్టి పెరిగినవాణ్ణి. మా ఇంట్లో చెప్పుకునే పద్ధతిలో చెప్తాను, తేడాలుంటే మిగతావాళ్ళు సరిదిద్దండి.

పూసపాటి పెదవిజయరామరాజు గారి చెల్లెలు పైడితల్లి. చిన్నప్పటి నుంచీ అమ్మవారి భక్తురాలు. బొబ్బిలి మీదకి అన్నగారు ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకుని బయల్దేరుతున్నప్పుడు వద్దని బతిమాలింది. ఆయన వినలేదు. బొబ్బిలి కోట పడింది గానీ, తర్వాత తాండ్ర పాపారాయుడు డేరాలో దూరి విజయరామరాజుని చంపేశాడు. అప్పటికి పైడితల్లికి మశూచి. అన్నగారికి కీడు జరగబోతోందని ఆమెకి తెలిసిపోయిందట. ఒంటి నిండా అమ్మవారు పోసి ఉన్నా, పతివాడ అప్పలనాయుడు అనే ఆయన్ని తోడు తీసుకుని బండి కట్టించుకుని బయల్దేరింది. ఊరు దాటేలోగానే అన్న పోయాడన్న కబురు తెలిసి సొమ్మసిల్లింది. తనిక ఉండననీ, తన విగ్రహం పెద్దచెరువు పడమటి గట్టు దగ్గర దొరుకుతుందనీ, దాన్ని నిలబెట్టి పూజలు చేయమనీ అప్పలనాయుడికి చెప్పి దేవిలో కలిసిపోయింది. బెస్తవాళ్ళు వల వేసి విగ్రహం తీశారు. అక్కడ కట్టిందే వనంగుడి, ఇప్పటి రైల్వే స్టేషన్‌కి దగ్గర్లో. ఊరి మధ్య మూడు లాంతర్ల దగ్గర ఉన్నది చదురుగుడి. పూజారులు ఆ అప్పలనాయుడి వంశం వాళ్ళే.

మొదటి ప్రశ్నకి ఇది సరిపోతుందనుకుంటాను. మూడుసార్ల సంగతి నాకూ తెలీదు. చిన్నప్పుడు అడిగితే మా నాన్న "సినిమా మూడు ఆటలు వెయ్యట్లేదా" అన్నాడు.

వలవాడు
వల సంగతి ఒక్క ముక్కలో తేల్చేశారు. సిరిమాను ముందు మా బెస్తవారి వల నడుస్తుంది. చాలామంది అదేదో వింత వేషం అనుకుని ఫోటోలు తీసుకుంటారు. అమ్మవారిని నీళ్ళలోంచి పైకి తెచ్చిన వల అది. మా వాళ్ళు వల పట్టుకుని కదలకపోతే మాను కదలదు. బాబుకి ఇది తప్పకుండా చెప్పండి.

కూకట్‌పల్లి_అల్లుడు
@వలవాడు చెప్పాను. వెంటనే అడిగాడు: "అయితే ఆ వల ఇప్పటికీ అదేనా?"

వలవాడు
270 ఏళ్ళ వలా? చేప కాదు కదా చెంబు కూడా నిలవదు అందులో. వల మారుతుంది, పట్టుకునే ఇళ్ళు మారవు.

పాతకాగితాలు
కథకి నేను అడ్డు చెప్పను గానీ, ఏది కాగితం మీద ఉందో ఏది నోటి మాటో విడివిడిగా చెప్పుకుంటే బాగుంటుంది. బొబ్బిలి యుద్ధం 1757 జనవరి 24. ధాత నామ సంవత్సరం. బుస్సీ ఉన్నాడు, విజయరామరాజు ఉన్నాడు, బొబ్బిలి రాజా రంగారావు ఉన్నాడు. కోట పడుతుందని తెలిశాక లోపల ఆడవాళ్ళనీ పిల్లల్నీ తమవాళ్ళే చంపుకున్నారు. కొద్ది రోజుల్లోనే విజయరామరాజు తన డేరాలో హతమయ్యాడు. రాబర్ట్ ఓర్మ్ లాంటి ఇంగ్లిషు వాళ్ళు ఇదంతా రాసి పెట్టారు. చెల్లెలి కథ ఆ దారిలో వచ్చింది కాదు. ఊరు చెప్పుకున్నది, పూజారి వంశం కాపాడుకున్నది. ఉత్సవం 1758 నుంచి జరుగుతోందని ఊరి లెక్క.

ఇంకోటి. పండగ విజయదశమి తర్వాత మంగళవారం రావడం కూడా ఊరికే కాదనిపిస్తుంది. విజయనగరం కోటకి 1713లో శంకుస్థాపన చేసిన రోజు గురించి ఊళ్ళో అయిదు విజయాలు చెప్తారు. విజయ నామ సంవత్సరం, విజయదశమి, జయవారమైన మంగళవారం, విజయరామరాజు, విజయనగరం.

బొబ్బిలి_వీణ
అయిదు విజయాలూ మీకే. ఆరోది మా దగ్గర పోయింది :)

మూడులాంతర్లు
వచ్చాడండీ. ఈ చర్చ తెరిచి మూడు గంటలైంది, బొబ్బిలి నుంచి ఎవరూ రాలేదేంటా అనుకుంటున్నా.

బొబ్బిలి_వీణ
రాకుండా ఎలా ఉంటాం. మా ఊళ్ళో కథ ఎలా చెప్తారో కూడా పిల్లాడికి తెలియాలి కదా. మాకు పాపారాయుడు వీరుడు. రాజాం నుంచి వచ్చేసరికి కోట బూడిద, అయినవాళ్ళందరూ శవాలు. ఆయన చేసిన పని మాకు హత్య కాదు, లెక్క సరిచేయడం. జంగం కథల్లో ఆ ఘట్టం దగ్గర మా తాత పక్కనున్నవాడి తొడ చరిచేవాడు, తన తొడ మీద కొట్టుకుంటే నొప్పి అని.

కానీ ఒక మాట ఒప్పుకుంటాను. మా నాన్నమ్మ ప్రతి ఏడూ పైడితల్లి పండక్కి బస్సెక్కేది. ఇంట్లో మగవాళ్ళు "వాళ్ళ ఊరి అమ్మవారికి మనం మొక్కడమేంటి" అంటే, "యుద్ధం వద్దన్నది ఆయమ్మొక్కతే గదరా" అనేది. అంతే, ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు.

డల్లాస్_పైడిరాజు
ఇది బాగుంది. నేను ఇన్నేళ్ళలో ఇలా ఆలోచించలేదు.

చింతపిక్క
మాను గురించి నేను చెప్తాను, ఎందుకంటే ఒక ఏడాది అది మా తాతగారి చేలోంచి వెళ్ళింది. ఊరు పేరు చెప్పను, చెప్తే ఈ వేదికలో సగంమంది చుట్టాలు తేలుతారు.

పండగ ముందు అమ్మవారు పూజారి కలలోకి వచ్చి మాను ఎక్కడుందో చెప్తుంది, ఎటు వైపు, ఎలాంటి చోటు అని. వాళ్ళు వెతుక్కుంటూ వస్తారు. కావలసినవి రెండు చెట్లు, ఒకటి సిరిమాను, రెండోది దాన్ని బిగించే ఇరుసుమాను. రెండూ చింతే. చింతచెట్టు సంగతి తెలిసిందేగా, పది అడుగులు పెరిగేలోపు పన్నెండు వంకర్లు పోతుంది. అందులో యాభై అరవై అడుగుల మాను, మొదట లావుగా, చివర సన్నగా, తిన్నగా పోయినది దొరకాలి. దొరుకుతుంది. ప్రతి ఏడూ దొరుకుతుంది.

మా చెట్టు దగ్గరికి వాళ్ళు వచ్చిన రోజు నాకు పన్నెండేళ్ళు. డప్పులు, పసుపు, కుంకుమ, ఊరంతా వెనకాల. మా తాత పరమ పిసినారి. చింతపండు వీశెల లెక్కన అమ్మి, గింజలు కూడా వేయించి నాకు లెక్కపెట్టి ఇచ్చేవాడు. ఆ చెట్టు మీద ఏడాదికి వచ్చే రాబడి ఆయనకి పైసలతో సహా తెలుసు. వాళ్ళు అడగ్గానే ఏమంటాడో అని మా నాన్న మొహం పాలిపోయింది. తాత చెప్పులు విప్పేసి, చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, మొదట్లో తల ఆనించి "తీసుకెళ్ళండి బావూ" అన్నాడు. ఆ తర్వాత ఇంటికొచ్చి మధ్యాహ్నం అన్నం తినలేదు. భక్తో బాధో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. విజయనగరంలోని హుకుంపేట తీసుకెళ్ళి చెక్కించిన తర్వాత పండగ రోజు దాన్ని చూసి "అదిగో, మన చెట్టే" అని అందరికీ చెప్పడం మాత్రం ఆయన పోయేదాకా మానలేదు.

పచ్చనాకు
చర్చ మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ఏడాదికి రెండు పెద్ద చింతచెట్లు నరకడం ఈ రోజుల్లో సబబేనా? భక్తి మీద నాకు పేచీ లేదు. ఒకే మానుని ఏళ్ళ తరబడి వాడుకోవచ్చు కదా?

మూడులాంతర్లు
రోడ్డు వెడల్పు చేసినప్పుడు రెండొందల చెట్లు పోయాయి. అప్పుడు ఎవరి కలలోకీ ఎవరూ రాలేదు.

పచ్చనాకు
అది తప్పయితే ఇది ఒప్పవుతుందా? నేనడిగినదానికి జవాబు కాదది.

చింతపిక్క
@పచ్చనాకు న్యాయమైన ప్రశ్నే. ఒకే మాను ఎందుకు కుదరదంటే, ఆ ఎత్తున ఒక మనిషి ప్రాణం దాని మీద ఉంటుంది. ఎండి బీటలిచ్చిన పాత చెక్క మీద ఎవరు కూర్చుంటారు? పచ్చి మాను వంగుతుంది గానీ అంత తేలిగ్గా విరగదు. ఇక చెట్ల సంగతి. మా తాత ఆ ఏడాదే గట్టు మీద రెండు చింత మొక్కలు నాటాడు. ఒకటి మేక తినేసింది. రెండోది ఇప్పుడు మా ఇంటికంటే ఎత్తు.

పచ్చనాకు
మేకని కూడా అమ్మవారికి ఇచ్చేసి ఉంటారు.

చింతపిక్క
ఆ వివరాల్లోకి వెళ్ళను :)

ఏతాం_ఇంజినీరు
పడిపోడా అన్న ప్రశ్న నాది, ఎవరూ ముట్టుకోవద్దు. మీ అబ్బాయికి పల్లెటూళ్ళో ఏతాం చూపించారా? నీళ్ళు తోడేది. పొడుగాటి దుంగ మధ్యలో ఆధారం, ఒక వైపు బరువు, ఇంకో వైపు లేస్తుంది. సిరిమాను అదే లెక్క. రథం లాంటి బండి మీద ఇరుసుకి మానుని బిగిస్తారు. లావుపాటి మొదలు కింద, సన్నపాటి కొస పైన. కొసకి ఆసనం, అందులో పూజారి. మొదటి వైపు బరువుండబట్టే అది పైకి లేస్తుంది, తాళ్ళతో అదుపు చేస్తారు. మూడో నాలుగో గంటలకి బయల్దేరితే చీకటిపడే దాకా ఆయన పైనే. ఇంజినీరింగు చదివి, ఇంత జనంలో ఇంత ఇరుకు వీధిలో దాన్ని నడిపించమంటే నేను సంతకం పెట్టను. వాళ్ళు తరతరాలుగా నడుపుతున్నారు.

పాతకాగితాలు
ఏతాం అన్నారు కాబట్టి ఒకటి చెప్పాలి, కొందరికి కోపం రావచ్చు. సిరిమాను అన్న మాటకి సిరి అంటే సంపద, లక్ష్మి అని అర్థం చెప్తారు. వినడానికి బాగుంటుంది. కానీ తెలుగు దేశమంతటా పాతకాలంలో "సిడిమాను" ఉండేది. మొక్కుకున్నవాళ్ళ వీపు చర్మానికి ఇనుప కొక్కెం గుచ్చి ఇలాంటి దుంగ కొసకి వేలాడదీసి తిప్పేవాళ్ళు. 16వ శతాబ్దం మొదట్లో బార్బోసా అనే పోర్చుగీసు ఆయన విజయనగర రాజ్యంలో దాన్ని గురించి రాశాడు. (హంపీ విజయనగరం, మనది కాదు.) తర్వాత ప్రభుత్వం ఆపించాక, చాలాచోట్ల మనిషికి బదులు మేకనో బొమ్మనో కట్టారు. సిడిమానే సిరిమాను అయిందని నా నమ్మకం.

డల్లాస్_పైడిరాజు
మా అమ్మవారి పండగకి ఈ కొక్కేలు ఎక్కడివండీ? విజయనగరంలో అలా జరిగిందని మీ దగ్గర రుజువుందా?

పాతకాగితాలు
విజయనగరంలో జరిగిందని నేననలేదు. దుంగ అదే, తిరగడం అదే, పేరులో ఒక్క అక్షరం తేడా అంటున్నాను. ఇక్కడ కొక్కెం లేదు, పూజారి దర్జాగా కూర్చుంటాడు. హింస పోయి గౌరవం వచ్చిందంటే మీకు కోపమెందుకు?

డల్లాస్_పైడిరాజు
కోపం కాదు. నా పేరే పైడిరాజు, మా అక్క పైడమ్మ, మా మేనత్త పైడితల్లి. ఇంటి మనిషి గురించి మాట్లాడుతున్నట్టుంటుంది, అంతే.

సంబర_కోడలు
సిరిమాను మీ ఒక్కరిదే అనుకోకండి. మా సంబర పోలమాంబకి కూడా సిరిమానోత్సవం ఉంది, సంక్రాంతి దాటాక, మంగళవారమే. పుట్టింట్లో దసరాకి ఒకటి, అత్తింట్లో జనవరిలో ఒకటి. ఏడాదికి రెండుసార్లు మెడ నొప్పి.

డాక్టరమ్మ_శ్రీకాకుళం
మొదటి జవాబులో "ఒంటి నిండా అమ్మవారు పోసి ఉన్నా" అన్న మాట ఈ కాలం పిల్లలకి అర్థం కాదు. మీ వాడికి విడమర్చి చెప్పండి. మశూచి వస్తే మన వైపు రోగం పేరు ఎత్తేవాళ్ళు కాదు. "అమ్మవారు పోసింది" అనేవాళ్ళు. రోగమూ ఆవిడే, తగ్గించేదీ ఆవిడే. ఇంటికి వేపాకు కట్టి, ఇల్లు చల్లగా ఉంచి, మనిషిని దేవతలా చూసేవాళ్ళు. తిట్టడానికి లేదు, విసుక్కోవడానికి లేదు. అలాంటప్పుడు మశూచితో పోయిన పడుచు పిల్ల అమ్మవారైపోవడం ఆ రోజుల్లో ఎవరికీ వింతగా తోచి ఉండదు. మంచాన ఉన్నన్నాళ్ళూ ఆమె అమ్మవారే కదా ఇంట్లోవాళ్ళకి.

మా నాన్నమ్మ మొహం మీద మచ్చలుండేవి. ఎవరైనా అడిగితే "అమ్మోరు ముద్దెట్టుకున్నాది" అనేది. మన దేశంలో మశూచి 1975తో ఆగిపోయింది, 1977లో పోయిందని ప్రకటించారు. నేను వైద్యం చదివేటప్పుడు పుస్తకంలో బొమ్మలే చూశాను. కానీ చికెన్‌పాక్స్ వచ్చినా ఇప్పటికీ నా దగ్గరికి వచ్చేవాళ్ళు గొంతు తగ్గించి "అమ్మవారండీ" అంటారు. నేను మందు రాసి, వేపాకు కూడా కట్టుకోమంటాను. పేచీ దేనికి?

కూకట్‌పల్లి_అల్లుడు
@డాక్టరమ్మ ఇది చదివి మా అత్తగారికి వినిపించాను. ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. వాళ్ళ పెద్దమ్మ అలాగే పోయారట. పదకొండేళ్ళలో ఈ సంగతి మాకు చెప్పలేదు.

మూడుసార్ల సంగతి మాత్రం ఇంకా తేలలేదు.

గజపతినగరం_రైతు
మంగళవారం మాను ఒక్కటే చూసి పండగ చూశామనుకోవద్దు. సోమవారం రాత్రి తొలేళ్ళు ఉంటుంది. ఏరు అంటే నాగలి, తొలి ఏరు పండగన్నమాట. మా రైతులకి అదే అసలు పండగ. ఆ రాత్రి అమ్మవారి విత్తనాలు పంచుతారు. నాలుగు గింజలు దొరికినా చాలు. పంచె కొంగున కట్టుకుని వచ్చి ఇంట్లో విత్తనాల గాదెలో దాస్తాం, నారుమడి పోసేటప్పుడు కలుపుతాం. మా చిన్నాన్న ఒక ఏడు తోపులాటలో చొక్కా పోగొట్టుకుని గుప్పిట మాత్రం విప్పకుండా ఇంటికొచ్చాడు. ఆ ఏడాది పంట ఎలా వచ్చిందంటారా, అందరికీ వచ్చినట్టే వచ్చింది. చిన్నాన్న మాత్రం తన మడే బాగా వచ్చిందంటాడు.

మూడులాంతర్లు
సిరిమాను ముందు ఏమేం వస్తాయో బాబుకి చెప్పి ఉంచండి, లేకపోతే ప్రతిదానికీ మీ భుజం లాగుతాడు. పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల. అంజలి రథం మీద ఆడవేషం కట్టిన మగవాళ్ళు అక్షింతలు విసురుతారు. తెల్ల ఏనుగు నిజం ఏనుగు కాదు, బండి మీద కట్టినది. పిల్లలు ముందు నిరాశపడతారు, తర్వాత అదే వాళ్ళకి బాగా నచ్చుతుంది.

ఇక అరటిపళ్ళు. మొక్కుకుని సిరిమాను మీదకి విసురుతారు. తగిలితే కోరిక తీరుతుందంటారు. విసిరేవాళ్ళు వేలల్లో, తగిలేవి కొన్ని, మిగతావన్నీ మన నెత్తిన. తెల్ల చొక్కా వద్దు.

కోరుకొండ_కుర్రోడు
నేను మూడేళ్ళ కిందట ఉద్యోగం రావాలని విసిరితే ముందున్న పోలీసాయన టోపీకి తగిలింది. ఆయన వెనక్కి చూసి "పరీక్ష ఎప్పుడు?" అన్నాడు. ఎలా కనిపెట్టాడో మరి.

డల్లాస్_పైడిరాజు
వచ్చిందా ఉద్యోగం?

కోరుకొండ_కుర్రోడు
వచ్చింది. పోలీసు ఉద్యోగం కాదు లెండి.

ఒకసారి_వెళ్ళా
అందరూ ఆహా ఓహో అంటున్నారు కాబట్టి రెండో వైపు కూడా. నేను వెళ్ళిన ఏడాది మధ్యాహ్నం నుంచి నిలబడితే, లక్షల్లో జనం, పిల్ల దాహం అంటే బయటికి రావడానికి దారి లేదు. జేబులో ఫోన్ పోయింది. మాను పది నిమిషాలు కనిపించింది. పసిపిల్లలతో రోడ్డు మీద నిలబడొద్దు. తెలిసినవాళ్ళ మేడ దొరికితేనే వెళ్ళండి.

మూడులాంతర్లు
@ఒకసారి_వెళ్ళా నిజమే, కాదనను. అల్లుడుగారికి అత్తారిల్లు ఉంది కాబట్టి మేడకి లోటుండదు. ఆ ఒక్క రోజు మా వీధిలో మేడ ఉన్నవాడికి కొత్త చుట్టాలు పుట్టుకొస్తారు.

వనంగుడి_మనవరాలు
మూడుసార్ల గురించి మా అమ్మమ్మ చెప్పేది ఒకటుంది. రాస్తున్నాను, నవ్వకండి.

సిరిమాను చదురుగుడి నుంచి కోట దాకా వెళ్తుంది. కోట బురుజు మీద రాజుల కుటుంబం ఉంటుంది. పై నుంచి పూజారి రూపంలో అమ్మవారు వాళ్ళని దీవిస్తుంది, వెనక్కి తిరుగుతుంది. ఇలా మూడుసార్లు. అమ్మమ్మ మాటల్లోనే చెప్తాను: "అన్న యుద్ధానికి ఎల్తంటే ఆయమ్మ మూడుమార్లు సెప్పినాది, ఎల్లొద్దన్నయ్యా, ఎల్లొద్దన్నయ్యా, ఎల్లొద్దన్నయ్యా అని. ఆడు ఇన్లేదు. అందుకే ఇప్పటికీ మూడుమార్లు ఆడి గుమ్మం కాడికెల్లి నిలబడతాది."

చిన్నప్పుడు నేను అమ్మమ్మ ఒళ్ళో కూర్చుని, మాను కోట వైపు వెళ్ళిన ప్రతిసారీ లోపల్లోపల "వెళ్ళొద్దన్నయ్యా" అనుకునేదాన్ని. ఇప్పటికీ అంతే.

పాతకాగితాలు
ఇది నేను ఎక్కడా చదవలేదు. మూడు ప్రదక్షిణలు, మూడు మునకలు, మూడు ముళ్ళు, మన సంప్రదాయంలో ఏదైనా మూడే. అమ్మమ్మగారి సొంత కవిత్వం అయ్యుండొచ్చు.

వనంగుడి_మనవరాలు
అయ్యే ఉంటుంది. అమ్మమ్మకి చదువు రాదు, కవిత్వం వచ్చు.

బొబ్బిలి_వీణ
@పాతకాగితాలు ఊరి కథ అంతా ఎవరో ఒక అమ్మమ్మ సొంత కవిత్వమే కదండీ మొదట్లో. మా నాన్నమ్మ మాటా ఈ అమ్మమ్మ మాటా ఒకదానికొకటి ఎలా అతికాయో చూడండి. వాళ్ళిద్దరూ ఏనాడూ కలిసి ఉండరు.

పాతకాగితాలు
కాదనలేదు. "చదవలేదు" అన్నాను, "తప్పు" అనలేదు. పిల్లాడికి చెప్పేటప్పుడు "ఒక అమ్మమ్మ ఇలా చెప్పేది" అని చెప్తే చాలు. నేనైనా అదే చెప్తాను.

కోరుకొండ_కుర్రోడు
నాకో డౌటు. వనంగుడి అమ్మవారి పుట్టినిల్లు, చదురుగుడి మెట్టినిల్లు అంటారు కదా. మరి కోట పుట్టిల్లు కాదా? ఎన్ని పుట్టిళ్ళండీ?

వలవాడు
మనిషిగా పుట్టిల్లు కోట. దేవతగా పుట్టింది చెరువులో, మా వలలో. తేలిపోయింది, తర్వాతి ప్రశ్న.

పాతకాగితాలు
చదురు అంటే పాత తెలుగులో కొలువు, సభ. ఊరి మధ్య ఆవిడ కొలువు తీరిన చోటు అన్నమాట. ఈ ఒక్కదాని మీద ఎవరూ నాతో పోట్లాడరనుకుంటా.

డల్లాస్_పైడిరాజు
పోట్లాడను గానీ "తేలిపోయింది, తర్వాతి ప్రశ్న" అనడం మీరు కూడా నేర్చుకోండి.

మాడరేటర్
బొబ్బిలి, విజయనగరం వాళ్ళు ఒకే చోట నలభై జవాబుల దాకా వచ్చి కూడా ఒక్క ఫిర్యాదూ రాలేదు. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను.

కూకట్‌పల్లి_అల్లుడు
వెళ్ళొచ్చాం. అందరికీ బాకీ ఉన్నాను కాబట్టి వివరంగా రాస్తున్నాను.

సోమవారం రాత్రి తొలేళ్ళకి మా మామగారు ఒక్కరే వెళ్ళి, ఆరు గింజలు తెచ్చారు. ఆయనకి సెంటు పొలం లేదు. బియ్యం డబ్బాలో వేశారు. మంగళవారం మా అత్తగారి చుట్టాల మేడ మీద చోటు దొరికింది. అది నాకు పెళ్ళిలో తప్ప ఎప్పుడూ కనిపించని చుట్టం. వల వచ్చినప్పుడు మా వాడు రెండు చేతులూ ఎత్తి అరిచాడు, పక్కనున్నవాళ్ళు వీడెవడో బెస్తవారి పిల్లాడనుకున్నారు. తెల్ల ఏనుగు దగ్గర నిరాశపడలేదు, ముందే చెప్పబట్టి. ఏతాం లెక్క మాత్రం వాడే నాకు తిరిగి చెప్పాడు. "నాన్నా, అటు బరువుంది కాబట్టి ఇటు ఆయన పడడు" అని.

మాను మేడకి ఎదురుగా వచ్చినప్పుడు చుట్టూ ఉన్న అరుపులు ఒక్కసారి పెరిగాయి. నేను వీడియోల్లో చూసినదానికీ దీనికీ పోలిక లేదు. మన కళ్ళెదురుగా, మేడ ఎత్తుకి సమానంగా ఒక మనిషి గాలిలో కూర్చుని వెళ్తుంటే నోట మాట రాలేదు. మా ఆవిడ పదకొండేళ్ళ కోపం మర్చిపోయి నా చెయ్యి పట్టుకుంది. అది ఇక్కడ రాయొచ్చో లేదో తెలీదు.

రెండోసారి మాను కోట వైపు వెళ్తుంటే మా వాడు పిట్టగోడ పట్టుకుని చిన్న గొంతుతో ఏదో అంటున్నాడు. వంగి విన్నాను. "వెళ్ళొద్దన్నయ్యా" అంటున్నాడు.

వనంగుడి_మనవరాలు
...

వనంగుడి_మనవరాలు
అమ్మమ్మ ఉండి ఉంటే ఈ మాట ఆవిడకి చదివి వినిపించేదాన్ని.

బొబ్బిలి_వీణ
నేనూ వెళ్ళాను ఈసారి. బస్సులో, మా నాన్నమ్మ వెళ్ళినట్టే. ఇంట్లో చెప్పకుండా.

మూడులాంతర్లు
అరటిపండు విసిరారా?

బొబ్బిలి_వీణ
విసిరాను. తగల్లేదు. 1757 నుంచీ మా గురి విజయనగరం వీధుల్లో కాస్త తక్కువే.

ఏతాం_ఇంజినీరు
డేరాలో మాత్రం బాగానే తగిలింది కదండీ.

మాడరేటర్
మెల్లగా.

కూకట్‌పల్లి_అల్లుడు
మా వాడు కూడా ఒకటి విసిరాడు. తగిలిందని వాడంటాడు, వాళ్ళ అక్క కాదంటుంది. ఇంకోటి విసరకుండా జేబులో దాచుకున్నాడు, వచ్చే ఏడాదికట. రైల్లో రాజమండ్రి దాటేసరికి నిక్కరంతా గుజ్జు.

గజపతినగరం_రైతు
వచ్చే మంగళవారం పెద్దచెరువులో తెప్పోత్సవం ఉంది. ఉండాల్సింది.

కూకట్‌పల్లి_అల్లుడు
లీవు లేదండీ.

డల్లాస్_పైడిరాజు
మళ్ళీ మొదలు.